అవ్వ దగ్గు

కోరింత దగ్గు కేసు తేలితే ఆ బిడ్డకు దగ్గరగా మెలిగినవాళ్లను వెతికి రాసుకోవడం ఏఎన్ఎంగా నా పని. ఆ పనిని చాలాకాలం సగమే చేశాను. ఇంట్లో పిల్లలెందరు, ఎవరికైనా దగ్గుందా అని అడిగి, రాసుకుని, వచ్చేసేదాన్ని.

నెల్లూరు తీరంలో ఓ పట్టపుపాలెం. బడికెళ్లే పిల్లాడికి కోరింత దగ్గు. వాడి తోబుట్టువులందరినీ రాసుకున్నాను. ముంగిట్లో చేపలు ఎండబెడుతూ వాడి అవ్వ కూడా దగ్గుతోంది. ఆమెకు అంతకుముందే కఫం పరీక్ష చేయించాం, టీబీ లేదని వచ్చింది. రెండు వారాలు దాటిన దగ్గంటే మాకు టీబీయే గుర్తొస్తుంది, అది కాదంటే ఇక ఆ మనిషిని వదిలేస్తాం. చుట్ట తాగే అవ్వ, ఉప్పుగాలి, ఆ మాత్రం దగ్గు ఉండదా అనుకున్నాను.

పక్క సందులోని ఆమె కూతురు తెల్లారగానే చేపల గంపతో పోతుంది. రెండు నెలల బిడ్డ పొద్దుగూకేదాకా అవ్వ ఒళ్లోనే. జలుబుందని ఆ బిడ్డకు మొదటి టీకా వాయిదా పడింది. కొద్దిరోజులకే పాలు తాగుతూ తాగుతూ నీలంగా మారి ఊపిరి ఆపేసింది. పెద్దాసుపత్రిలో బతికింది. మరీ పసివాళ్లలో ఒక్కోసారి దగ్గు తెరలే ఉండవు, నేరుగా ఊపిరే ఆగుతుంది. తర్వాత అడిగితే, అవ్వ దగ్గు బడికెళ్లే మనవడికంటే ముందే మొదలైందట!

చిన్నప్పటి టీకా బలం కొన్నేళ్లకు తగ్గిపోతుంది. పెద్దలకు ఈ జబ్బు వస్తే మొండి దగ్గులాగే ఉంటుంది. కానీ రక్షణ లేనివాళ్లు అదే ఇంట్లో ఉంటే పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మందికి అంటుకోగలదు. సోకాక సాధారణంగా 7 నుంచి 10 రోజుల్లో, ఒక్కోసారి 21 రోజులకు బయటపడుతుంది.

అందుకే ప్రశ్నలు మార్చాను. బిడ్డను పగలు ఎవరెత్తుకుంటారు? రాత్రి ఎవరి పక్కన పడుకుంటుంది? ఈ మూడు వారాల్లో ఏ పాలెం చుట్టాలొచ్చారు? వీటికి జవాబు ఇంటి యజమానికి తెలియదు, కోడలికి తెలుస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధంలో అయితే ఇంకా జాగ్రత్తగా అడగాలి. మగవాళ్లంతా ఇళ్లలోనే ఉంటారు, తీరం పొడవునా ఇసకపల్లి మొదలు తూపిలిపాలెం దాకా పెళ్లిళ్లకూ చుట్టరికాలకూ రాకపోకలుంటాయి.

జబ్బు పడ్డ మనిషికి దగ్గు మొదలైన 21 రోజుల్లోపు దగ్గరివాళ్లకు డాక్టరు చెప్పిన అజిత్రోమైసిన్ పడితే చాలావరకు అడ్డుకోవచ్చు. అమ్మల్లారా, 6, 10, 14 వారాల పెంటావాలెంట్ టీకాను మామూలు జలుబుకు ఆపకండి. దగ్గే పెద్దల చేతికి చంటిబిడ్డను ఇవ్వకండి, వాళ్లు అలిగినా సరే.