నాలుగడుగులకో అరుగు

"నడస్తావుంటే కాళ్లు గుంజతాండాయి సార్. రవంతసేపు కుచ్చుంటే తగ్గిపోతాది."

పలమనేరులో ఎముకల వైద్యం చేసే ఓ డాక్టరుకు ఈ మాట సగం రోగనిర్ధారణే: వెన్నుకాలువ ఇరుకై నరాలు నలుగుతున్నాయని. టమోటా పండించే ఆ పెద్దాయన మార్కెట్ యార్డులో నాలుగడుగులేస్తే ఏదో ఒక అరుగు వెతుక్కోవాలి. సైకిలెక్కితే మాత్రం ఊరంతా తిరిగొస్తారు. ముందుకు వంగినప్పుడు వెన్నుకాలువ కాస్త వెడల్పవుతుంది, నిటారుగా నిలబడితే ఇరుకవుతుంది. రక్తనాళాలు పూడుకుపోయి వచ్చే నొప్పైతే ఊరికే ఆగి నిలబడినా తగ్గుతుంది. అందుకే డాక్టరు పాదాల దగ్గర నాడి కూడా పట్టి చూశారు.

వయసు మీదపడేకొద్దీ డిస్కులు ఎండి ఉబ్బుతాయి, పూసల కీళ్లు అరిగి ఎముక పెరుగుతుంది, కాలువ వెనక లిగమెంటు మందమవుతుంది. మూడూ కలిసి నరాలను నొక్కుతాయి, ఎక్కువగా నడుములో నాలుగు, ఐదు పూసల మధ్య. ఎమ్మారై లేని రోజుల్లోనే, 1954లో, నెదర్లాండ్స్ న్యూరోసర్జన్ హెంక్ వెర్బీస్ట్ ఈ జబ్బును వివరంగా వర్ణించారు.

ఇప్పుడు ఎమ్మారై ఉంది, దాంతో భయమూ పెరిగింది. పాడి ఆవులు పెట్టుకున్న ఒకామె ఫిల్ము చేతపట్టుకుని ఏడుస్తూ వచ్చారు. కాలువ బాగా ఇరుకైందని రిపోర్టు. కానీ ఆమె పొలందాకా ఆగకుండా నడుస్తారు, కాళ్లలో బలం తగ్గలేదు. 1990లో అమెరికాలో నడుమునొప్పి లేని 67 మందికి ఎమ్మారై తీస్తే, అరవై దాటినవారిలో ఐదో వంతు మందికి ఇలాంటి ఇరుకే కనిపించింది. ఆమెకు వ్యాయామాలు నేర్పి పంపారు.

పెద్దాయన సంగతి వేరు. మందులు, వ్యాయామాలతో నెలలు గడిచినా నడక తగ్గుతూనే వచ్చింది. "కోస్తే కాళ్లు పడిపోతాయంట గదా" అన్నది ఇంటిల్లిపాది భయం. వెన్నుపాము నడుము పైపూసల దగ్గరే ముగుస్తుందనీ, ఆపరేషను జరిగే చోట ఉండేవి నరాల పోగులనీ డాక్టరు బొమ్మ గీసి చూపారు. నరాల పొర చిరగడం, చీము పట్టడం వంటి ముప్పులనూ దాచలేదు. అక్కడివారు ఇలాంటి ఆపరేషనుకు తిరుపతికో, రాయవేలూరికో, బెంగళూరుకో పోతారు. పెద్దాయనకు నరాల్ని నొక్కుతున్న ఎముకనూ లిగమెంటునూ తొలగించారు, రాడ్లు వేయలేదు. 2016లో స్వీడన్‌లో 247 మందిపై వెలువడిన అధ్యయనంలో, పూసల్ని కలిపి బిగించడంవల్ల రెండేళ్ల తర్వాత అదనపు మేలు కనిపించలేదు. అదే ఏడాది అమెరికాలో పూస జారినవారిపై వెలువడిన చిన్న అధ్యయనంలో కొంత మేలు కనిపించింది. కాబట్టి రాడ్లు ఎవరికి కావాలో మనిషిని బట్టి తేల్చాలి.

కాళ్ల గుంజుడు పోయింది, యార్డులో ఆగకుండా నడుస్తున్నారు. పాదాల తిమ్మిరి, పాత నడుమునొప్పి కొంత మిగిలాయి. అవి మిగలొచ్చని డాక్టరు ముందే చెప్పారు.

ఆలస్యం చేయకూడని జబ్బు ఒకటుంది. మరొకామెకు కూర్చునే చోటు మొద్దుబారి, మూత్రం రావడం ఆగిపోయింది. సిగ్గుపడి రెండ్రోజులు ఇంట్లో చెప్పలేదు. డాక్టరు ఆ రాత్రికే ఆంబులెన్సు ఎక్కించారు. అప్పటినుంచి నడుమునొప్పితో వచ్చే ప్రతివారినీ ఆ రెండు సంగతులూ ఆయనే ముందుగా అడుగుతారు.