మాంట్‌గొమరీలో నొక వంటయిల్లు

అమెరికా దక్షిణభాగమున అలబామా రాష్ట్రమునకు ముఖ్యపట్టణము మాంట్‌గొమరీ. అచ్చట డెరికోట్ వీథిలో జార్జియా గిల్‌మోర్ అను నల్లజాతి వంటలక్క యింటిముందర జ్ఞాపకఫలకము గలదు. సోదరీమణులారా, వంటలక్కకు ఫలకము నిలిపిన యూరు మేము వేరొకటి చూచి యెఱుఁగము.

1955 డిసెంబరులో నల్లవారు బస్సులలోని యవమానమును సహింపక వాని నెక్కుట మానిరి. అట్లు 381 దినములు గడచెను. నడువలేనివారిని చేరవేయు కార్లకు పెట్రోలు కావలెను గదా! జార్జియా తోడి స్త్రీలను గూర్చుకొని కేకులును, చిలగడదుంపల పూర్ణము పెట్టి కాల్చిన 'పై'లును చేయించి యమ్మించెను. కొన్నవారిలో తెల్లవారును గలరు. వచ్చిన పైకము ఉద్యమసభలో నిచ్చుచుండెను. చేసినవారి పేళ్లు తెలిసిన వారి కొలువులు పోవును; కావున పైకమెక్కడిదన్న "ఎక్కడిదియుఁ గాదు" అనుటకు వీలుగా ఆ సంఘమునకు 'ఎక్కడనుండియు రాని సంఘ' మని పేరిడిరి.

1956లో మార్టిన్ లూథర్ కింగ్‌పై జరిగిన విచారణలో సాక్ష్యము చెప్పిన యీమెకు భోజనశాలలోని వంటకొలువు పోయెను. కింగ్ ధనసాయము చేసి, స్వంతముగా వండి యమ్ముమని ప్రోత్సహించెను. నాఁటినుండి ఆమె యిల్లే భోజనశాల. ఉద్యమనాయకుల యాలోచనలును అచ్చటనే జరుగుచుండెను.

1990 మార్చిలో, సెల్మా పాదయాత్ర 25వ వార్షికోత్సవమునకు వచ్చువారికై వండుచు నస్వస్థురాలై ఆమె మరణించెను. ఆ వంటనే యింటివారు పరామర్శకు వచ్చినవారికి వడ్డించిరి.