వేసవిలో చిలికాపై తెడ్డు పడవ

బరంపురానికి ఈశాన్యంగా రంభలో దిగినవారికి చిలికా సరస్సు దగ్గరే. వైశాఖంలో చిన్న తెడ్డు పడవ ఎక్కదలచినవారు తెల్లవారేసరికి రేవు చేరి, ఎండ ముదరకముందే ఒడ్డు పట్టాలి. ఇక్కడ ఎండ పైనుంచే కాదు, నీటిపై తళతళలాడి కిందనుంచి కూడా కాలుస్తుంది. తలకు తడి తువ్వాలు, ఒంటికి పొడుగు చేతుల నూలు చొక్కా అవసరం.

చుట్టూ నీరే, కాని ఉప్పన. మంచినీరు, ఉప్పు వేసిన మజ్జిగ వెంట ఉంచుకొని దాహం వేయకముందే తాగాలి. ఉక్కపోసినా లైఫ్ జాకెట్టు విప్పరాదు. దానిపై దోసెడు నీళ్లు చల్లుకుంటే హాయి. తల తిరిగితే వెంటనే నీడ పట్టాలి. మాట తడబడితే ఒళ్లు తడిపి వైద్యుని దగ్గరకు చేర్చాలి.

మధ్యాహ్నం దాటితే కాలబైశాఖి గాలివాన భయం. పెళ్లికి పడవలో పోతూ అలాంటి గాలివానలో మునిగిన పిల్లే దీవిలోని కాళీజాయి అమ్మవారని ఇక్కడివారు చెప్పుకొంటారు. ఆ గుడికి మొక్కే పడవవాడు మబ్బు చూసి రానంటే, బేరమాడక ఒడ్డునే ఉండిపోవడం మేలు.