సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్

సెకండియర్‌లో ఓపెన్‌హైమ్ పుస్తకం కొనాలని చెప్పి నాన్నతో అకౌంట్లో 500 వేయించుకున్నాను. పూర్తిగా అబద్ధం కాదు. కొనాలనే అబిడ్స్ వెళ్ళాను. కానీ అది ఆదివారం. మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్ పొడవునా పరిచిన పాత పుస్తకాలను దాటుకుని టెక్స్ట్‌బుక్ కోసం వెళ్ళగలిగేవాడు ఇంజనీరింగ్ బాగానే చదివి ఉంటాడు. నేను బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ దగ్గరే ఆగిపోయాను. తర్వాత ఇంకో నాలుగు. ఆపైన బిర్యానీ. చివరకు మిగిలింది బస్సు చార్జీ.

నెల తిరక్కుండానే నాన్న చెప్పాపెట్టకుండా హాస్టల్‌కి దిగారు. సిటీలో ఎవరిదో పెళ్ళట. ఆవకాయ సీసా బల్ల మీద పెడుతూ పుస్తకాలన్నీ ఒక చూపు చూశారు. “ఫ్రెండు తీసుకెళ్ళాడు” అని చెప్పడానికి రెడీగా ఉన్నాను. అడగలేదు. బుచ్చిబాబుని తీసుకుని, మంచమ్మీద గోడకానుకుని కూర్చున్నారు. నాన్న పేపరు తప్ప ఇంకోటి చదవడం నేనెప్పుడూ చూళ్ళేదు. భోజనాల వేళ దాటుతున్నా లేవలేదు.

“డిగ్రీలో ఉండగా సగం చదివా. ఎవడో పట్టుకుపోయాడు,” అన్నారు తలెత్తకుండా.

పొద్దున్నే బస్టాండుకి వెళ్ళి ఎక్కించాను. పుస్తకం ఆయన సంచీలోనే ఉంది. కిటికీలోంచి 300 చేతిలో పెట్టి, “ఆ సిగ్నల్సేదో జిరాక్సయినా తీయించుకోరా,” అన్నారు.

తీయించుకున్నా. సబ్జెక్టు బొటాబొటిగా గట్టెక్కింది. బుచ్చిబాబు మాత్రం ఇప్పటికీ మా ఊళ్ళోనే, టీవీ పక్కన, కరెంటు బిల్లుల కింద ఉన్నాడు. పండక్కి వెళ్ళినప్పుడల్లా తీసి చూస్తాను. గుర్తుగా పెట్టిన బస్సు టికెట్టు ప్రతిసారీ వేరే పేజీలో ఉంటుంది.