పైపు చివర మన మొహల్లా

ఆటోనగర్‌లో వాటర్ ట్యాంకర్ బాడీలు కట్టే మామూ ఒకాయన ఉన్నారు. సొంత మామూ కాదు, మా మొహల్లా అంతటికీ మామూయే. ఎండలు ముదిరితే ఆయన షెడ్డుకు గిరాకీ పెరుగుతుంది. "ఊరంతా పైపులు సరిగ్గా వస్తే మీ ధందా ఏమవుతుంది మామూ?" అని అడిగాను.

"బిందెలు పట్టుకుని ట్యాంకర్ దగ్గర కొట్టుకునే ఆడోళ్ల బద్దువా తిని నేనేం బాగుపడతా బేటా? పైపే రానీ. లారీ బాడీలు కట్టుకుంటా" అన్నారు.

నేను చదివింది ఉర్దూ మీడియంలో. గొట్టమైనా కుళాయైనా మాకు నల్, కాలువ నహర్. తర్వాత తెలుగులో డిగ్రీ చేసినా, నీళ్ల వార్త రాయడానికి కూర్చుంటే ఈ రెండు మాటలే ముందు గుర్తొస్తాయి. ఆ రెండూ కలిసే చోటు పోలవరం దగ్గరి పట్టిసీమ. అక్కడ 24 పంపులు గోదావరి నీళ్లు తోడి 12 వరసల పైపుల్లోకి ఎత్తుతాయి. ఒక్కో పైపు లోపల మనిషి నిలబడి చేతులు పైకెత్తి దువా చేసుకోవచ్చు, అంత వెడల్పు. అవి పోలవరం కుడి కాలువలో పోస్తే, సెకనుకు 8,500 ఘనపుటడుగుల దాకా నీరు మన కృష్ణ వైపు నడుస్తుంది.

2015లో ఈ పథకం కట్టినప్పుడు ఎగతాళి చేసినవాళ్లున్నారు. పోలవరం పూర్తయితే దీని పని అయిపోతుంది కదా, ఫజూల్ ఖర్చు అన్నారు. పోలవరం ఇంకా పూర్తి కాలేదు, పట్టిసీమ మాత్రం తోడుతూనే ఉంది. దాని ఫాయిదా డెల్టా రైతుకు తెలుసు. పైన ఆల్మట్టి నిండాలి, శ్రీశైలం, సాగర్ నిండాలి, అప్పుడుగానీ కృష్ణలో నీళ్లు మన దాకా రావు. అప్పటికి ఆలస్యమవుతుంది. నారు ఆలస్యమైతే కోత నవంబర్ తుపాన్ల నోట్లో పడుతుంది. నవంబర్ అంటే ఏమిటో 1977 ఉప్పెన చూసిన దివిసీమ పెద్దవాళ్లను అడగండి. గోదావరి నీళ్లు ముందొస్తే నారు ముందు పడుతుంది. ఇన్ని టీఎంసీలు అని అందరూ లెక్క చెబుతారుగానీ, రైతుకు అసలు దొరికింది వక్త్.

ప్లాను గీసేవాళ్లు పైపు మొదలును చూసినంత శ్రద్ధగా చివరను చూడరని నా ఫిర్యాదు. పట్టిసీమ నీళ్లకు సొంత దారి కృష్ణ దాకా లేదు. చివరి మైళ్లు వెలగలేరు దగ్గర మొదలయ్యే బుడమేరు డైవర్షన్ ఛానల్‌లో నడిచి, ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో కలుస్తాయి. అది వరద నీటిని మళ్లించడానికి తవ్విన నహర్. ఒకే కాలువకు రెండు డ్యూటీలు.

2024 సెప్టెంబర్‌లో ఆ కాలువ ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సాఫ్‌గా చెప్పాలి, ఆ వరద బుడమేరుది, పట్టిసీమది కాదు. అదే సమయానికి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కులు. నదే నిండి ఉంటే కాలువ నీళ్లు ఎక్కడ పోస్తుంది? వెనక్కి తన్నింది. సింగ్‌నగర్ మునిగింది. మా ఖాలా ఇంట్లో నడుము లోతు నీళ్లు, తాగడానికి గ్లాసు లేవు. వుజూకు కూడా పనికిరాని మురుగు. తర్వాత వారాల తరబడి ఆటోనగర్ షెడ్ల ముందు బురద నిండిన ఆటోలు, బైకులు బారులు తీరాయి. వాటిలో చాలావరకు కిస్తీలు తీరనివి.

ఇప్పుడు మాట ఇంకా పెద్దది. గోదావరి వరద నీటిలో 200 టీఎంసీలు కృష్ణ దాటించి రాయలసీమకు తీసుకెళ్లాలని 2025లో ప్రతిపాదన పెట్టారు. ఖర్చు 80 వేల కోట్ల పైమాట. అందులో మొదటి మెట్టు ఇదే కుడి కాలువను వెడల్పు చేయడం. రాయలసీమ దాహం హక్కైనదే, కడప, కర్నూలులో మన రిష్తేదార్లు లేని ఇల్లుందా? కానీ ఆ ఫైలు నా చేతికొస్తే నేను ముందు తిప్పేది బనకచర్ల పేజీ కాదు, వెలగలేరు నుంచి ఫెర్రీ దాకా ఉన్న ముక్క. అక్కడ వరదకు వేరే దారి, గోదావరి నీటికి వేరే దారి గీశారా లేదా?

ఖాలా బియ్యం డ్రమ్ము ఇప్పుడు అటక మీద ఉంటుంది. కాస్త గట్టి వాన పడితే ఫోన్ చేస్తారు. సలాం అయ్యాక ఒకటే సవాల్: "బుడమేరు ఎంత దాకా వచ్చింది బేటా?"