పెన్సిలు పాఠకులు

నవలను పెన్సిలు పట్టుకుని చదివేవాళ్లంటే నాకు పడదు. వడ్రంగికి పెన్సిలు కావాలి, కిరాణా కొట్టు గుమాస్తాకి కావాలి. పెరీ మేసన్ చదివేవాడికి ఎందుకండీ?

ఆదివారం పూట అబిడ్స్‌లో మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో మొన్న ఒక పెరీ మేసన్ దొరికింది. అట్ట ఊడలేదు, చివరి పేజీలు ఉన్నాయి. (డిటెక్టివ్ నవల కొనేటప్పుడు ముందు చూడాల్సింది అదే. హంతకుడు లేని నవల ఎంత చవకైనా దండగ.) ఇంటికొచ్చి తెరిస్తే ప్రతి వాక్యం నెత్తినా ఒక తెలుగు మాట. నాకు ముందు ఆ పుస్తకం కొన్న మహానుభావుడెవరో ఇంగ్లీషు నేర్చుకోవాలని కంకణం కట్టుకున్నాడు. ‘రిలక్టెంట్’ మీద అయిష్టమైన, ‘బ్రీఫ్’ మీద సంక్షిప్తమైన, ‘బార్’ మీద కడ్డీ. లాయర్ల మధ్యకి కడ్డీ ఎందుకొచ్చిందని ఆయనకు అనుమానం రాలేదు. ‘లీడింగ్ క్వశ్చన్’ మీద ‘ముఖ్యమైన ప్రశ్న’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, కింద రెండు గీతలు కూడా గీశాడు. మూడో అధ్యాయానికి గీతలు పలచబడ్డాయి. నాలుగో అధ్యాయంలో పెన్సిలే లేదు. కథలో పడి మరిచిపోయాడని నమ్మాలనిపించింది గానీ, అక్కణ్ణుంచి పేజీలు చెయ్యి తగలనంత శుభ్రంగా ఉన్నాయి. చంపిందెవరో తెలుసుకోకుండానే వెళ్లిపోయాడు పాపం.

కాస్త ఓపిక పట్టి కోర్టు దాకా వెళ్లి ఉంటే అన్నీ ఆయనకే తెలిసేవి. ఒక లాయరు తన సాక్షినే బోనులో కూర్చోబెట్టి, జవాబును ప్రశ్నలోనే పెట్టి అందిస్తుంటాడు. అవతలి లాయరు దిగ్గున లేచి అభ్యంతరం చెబుతాడు. జడ్జి అతని పక్షాన తలూపుతాడు. అది కళ్లారా చూశాక లీడింగ్ క్వశ్చన్ అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు, జన్మలో మరుపూ రాదు. మాట ఒంటరిగా రాకూడదండీ. అన్నవాణ్ణీ, పడ్డవాణ్ణీ, వాళ్లు నిలబడ్డ గదినీ వెంటబెట్టుకుని రావాలి.

ఆ పనికి ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్‌ని మించినవాడు లేడు. లా కాలేజీలో ఇమడక, లాయర్ల ఆఫీసుల్లో కూర్చుని సొంతంగా చదువుకుని 1911లో కాలిఫోర్నియాలో లాయరయ్యాడు. మొదటి పెరీ మేసన్ 1933లో వచ్చింది. ఆ తర్వాత వచ్చినవన్నీ కలిపితే ఎనభై పైమాటే. చాలామటుకు సెక్రటరీలకు నోటితో చెప్పి రాయించినవే. అందుకే ఆ పుస్తకాల్లో చెట్టూ చేమా వర్ణనలు తక్కువ, మాటలు ఎక్కువ. డెల్లా స్ట్రీట్ అడుగుతుంది, పాల్ డ్రేక్ ఆరా తీసుకొస్తాడు, మేసన్ గదిలో పచార్లు చేస్తూ ఆలోచిస్తాడు. ఇంట్లో గానీ వీధిలో గానీ ఇంగ్లీషులో పలకరించే మనిషి లేని రోజుల్లో మాతో ఇంగ్లీషు మాట్లాడినవాళ్లు ఈ ముగ్గురే. ‘అబ్జెక్షన్ యువర్ ఆనర్’ అని అరవడం మన సినిమాలు నేర్పాయి. ఎందుకు అరవాలో గార్డ్‌నర్ చెప్పాడు.

ఈ సంగతి మా ట్యూషన్ మాస్టారికి విన్నవించుకోవాలని నాకు చాలా ఏళ్లుగా ఉంది. ఆయన లెక్కలో నవల చదివే కుర్రాడికీ, బీడీ కాల్చే కుర్రాడికీ తేడా లేదు. రెన్ అండ్ మార్టిన్ గ్రామరు పుస్తకం మధ్యలో పెట్టుకుని చదువుతున్న నా జేమ్స్ హాడ్లీ చేజ్‌ను లాక్కున్నారు. లాక్కున్నందుకు కాదు నా బాధ, సరిగ్గా దోపిడీ మొదలయ్యే చోట లాక్కున్నందుకు. పైగా అది అద్దె పుస్తకం. అది ఆయన సొరుగులో పడుకుంది, అద్దె మాత్రం నా నెత్తిన పెరిగింది. గ్రామరు పుస్తకంతోనే నెత్తి మీద ఒకటిచ్చి, శిక్ష కింద ఇడియమ్స్ జాబితా అప్పజెప్పమన్నారు. అందులో మొట్టమొదటిది కుక్కలూ పిల్లులూ కురిసే వాన. ఆ తర్వాత నవలల్లో లండన్ వానలు చూశాను, న్యూయార్క్ వానలు చూశాను, హంతకుడి అడుగుజాడలు చెరిపేసిన వానలూ చూశాను. ఒక్కడంటే ఒక్కడు ఆ మాట అనగా నేను వినలేదు. నాకు తెలిసినంతలో ఆ వాన మన పరీక్ష పేపర్లలో తప్ప ఎక్కడా పడదు.

నా చేజ్‌ను మాస్టారు చదివేశారని కూడా నాకు గట్టి అనుమానం. వారం తిరక్కుండా పాఠం మధ్యలో ఆయన నోట ‘గెటవే కార్’ అన్న మాట దొర్లింది. రెన్ అండ్ మార్టిన్‌లో ఆ మాట నాకైతే కనిపించలేదు.

ఆయనకు తెలియనిది ఇంకొకటుంది. ఆ రెన్ గారు స్వయానా నవలాకారుడు. బొంబాయి ప్రాంతంలో విద్యాశాఖ ఉద్యోగం చేసిన పి.సి. రెన్, 1924లో ‘బో జెస్ట్’ అనే సాహస నవల రాసి పేరు తెచ్చుకున్నాడు. మాయమైన నీలమణి, ఫ్రెంచి ఫారిన్ లీజియన్‌లో చేరిన ముగ్గురు అన్నదమ్ములు, ఎడారిలో కోట, అన్నీ ఉన్నాయి అందులో. సినిమాగా కూడా తీశారు. నవల చదివినందుకు నన్ను నవలలు రాసినాయన పుస్తకంతో కొట్టారన్నమాట. ఇంతకంటే అన్యాయం ఉంటుందా?

పెన్సిలు పక్షంవారి దగ్గరా ఒక వాదం ఉంది, దాచను. చేజ్ అసలు పేరు రెనే రేమండ్, పుట్టింది లండన్‌లో. అమెరికా మ్యాపులూ, అక్కడి వీధి భాష నిఘంటువులూ ముందేసుకుని ఆ గ్యాంగ్‌స్టర్ల కథలు అల్లాడు. 1939లో మొదటి నవలతోనే గగ్గోలు పుట్టించాడు. అంటే నిఘంటువు ముట్టకుండా నేర్చామని మేం గొప్పలు పోయే అమెరికా రౌడీ భాష, తిన్నగా నిఘంటువులోంచి వచ్చిందే. మా మేనల్లుడు ఇది పట్టుకుని “చూశావా మావయ్యా” అన్నాడు. వాడు జీఆర్‌ఈ కోసం బారన్స్ పుస్తకంలోని 3500 పదాలను బట్టీ పట్టిన తరంవాడు. 2011లో ఆ పరీక్షలోంచి వ్యతిరేక పదాల ప్రశ్నలు ఎత్తేశారు. వాడి పాండిత్యం ‘ఏ’ అక్షరంలో ఇప్పటికీ అమోఘం, ‘డీ’ దాటితే శూన్యం. నిఘంటువు చూసి చేజ్ ఒక దొంగ చేత మాట్లాడించాడు, నువ్వు ఎవరి చేత మాట్లాడించావురా అన్నాను. వాడు ఫోను చూసుకున్నాడు.

చేజ్ అయ్యాక మావాళ్లంతా వుడ్‌హౌస్ మీద పడ్డారు. అదో వ్యసనం. బెర్టీ వూస్టర్ ఏదో పాత సూక్తి మొదలుపెట్టి సగంలో తడబడతాడు, జీవ్స్ మర్యాదగా పూర్తి చేస్తాడు. ఇడియమ్ అంటే అలా ఇద్దరి మధ్య నలగాలి. చిక్కల్లా ఏమిటంటే, ఆయన ఇంగ్లీషు ఆయన పుస్తకాల బయట చెల్లదు. 1975లో ఆయన పోయేనాటికే అలా మాట్లాడే మనుషులు ఇంగ్లండులో ఉన్నారని నేననుకోను. బ్యాంకులో పనిచేసే మా మిత్రుడొకడు బెర్టీ ధోరణిలో సెలవు చీటీ రాస్తే, మేనేజరు లోపలికి పిలిచి ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు గార్డ్‌నర్‌తో మొదలుపెట్టండి, చేజ్‌ను తర్వాత చూడండి. వుడ్‌హౌస్‌ను చదివి ఉద్యోగానికి పనికొచ్చే ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. చదివి పాడైపోయినవాళ్లు మాత్రం నా స్నేహితులందరూ.