నల్ల మానేసిన నాయనమ్మ

మా నాయనమ్మ మాదిగపల్లెలో పుట్టింది. బాప్టిస్టు గుడిలో పెరిగింది. యూదురాలిగా చచ్చిపోయింది. ఈ మాటంటే మా స్టాఫ్‌రూములో నవ్వుతారు. గుంటూరు జిల్లాలో యూదులేంది మాస్టారూ అంటారు. చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెం వచ్చి చూడమంటాను. 1991లో సాదోక్ యాకోబి అక్కడ సినగాగు పెట్టాడు. తప్పిపోయిన పది గోత్రాల్లో ఎఫ్రాయిము వంశం మనదేనని పెద్దలు చెప్పారు. అదే ఏడు ఆగస్టు 6న, మాకు ఎంతో దూరం లేని చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. మా ఇంట్లో ఈ రెండు సంగతులూ కలిపే చెప్పుకుంటారు. గోత్రాల కథ నిజమా కాదా అని చరిత్రకారులు తేల్చుకోనీ. మనిషిగా చూడని ఊళ్లో ఇంకో పుట్టుక వెతుక్కోవడం మాత్రం నాకు అర్థమవుద్ది.

నాయనమ్మది పసుపు పని. తవ్వడం, కొమ్ములు విరవడం, ఉడకేయడం, ఎండబోయడం. ఆ పసుపు దుగ్గిరాల యార్డుకి పోయేది. ఆసాముల ఇళ్లల్లో ఆడోళ్లు కాళ్లకి రాసుకుంటే అది శుభం. ఈమె గోళ్లల్లో ఎండాకాలం దాకా వదలని పసుపుకి కూలి తప్ప ఏ శుభమూ రాలేదు.

యూదులమయ్యాక శనివారం పని మానాలన్నారు. పోనీ ఆదివారం పోదామంటే ముఠాలో మిగతావాళ్లంతా చర్చికి పోతారు, పనే ఉండదు. "ఇద్దరు దేవుళ్లు కలిసి వారానికి రెండు దినాల కూలి కొట్టారబ్బయా" అనేది.

శనివారం పొయ్యి రాజెయ్యకూడదు. అది ఆమెకి కష్టం కాలేదు. పెద్దకూర పీలికలుగా కోసి, ఉప్పూ పసుపూ రాసి దండెం మీద ఎండేసిన తునకలు ఇంట్లో ఎప్పుడూ ఉండేయి. శుక్రవారం పొద్దుగూకక ముందే వాటిని నానేసి, గోంగూర, పచ్చిమిరపకాయలు వేసి పిడకల నివురు మీద కుండ పెట్టేది. మర్నాడు మధ్యాహ్నం మూత తీస్తే ముక్క దారాలు దారాలుగా విడిపోయేది. పోలండులో, బాగ్దాదులో యూదుల ఆడోళ్లు కూడా శుక్రవారం రాత్రి ఇట్లాగే సన్నసెగ మీద కుండ పెట్టేవాళ్లని తర్వాత చదివాను. నాయనమ్మ ఎవర్ని చూసీ నేర్చుకోలేదు. తెల్లారగట్ల చేలోకి పోయే ఆడదానికి అంతకన్నా దారి లేదు. పులియని రొట్టెల పండగప్పుడూ అంతే. "మన రొట్టె ఎప్పుడన్నా పొంగిందంట్రా?" అని నవ్వింది.

నల్ల దగ్గర మాత్రం నవ్వలేదు. ధర్మశాస్త్రంలో నెత్తురు తినకూడదు. మాంసాన్ని అరగంట నానేసి, గంటసేపు ఉప్పు పట్టించి, కడిగి వండాలి. కానీ కోసినకాడ డబ్బుల్లేనోళ్లకి ఊరికే దొరికేది నల్లే. ఉల్లిపాయ, కారం, కొత్తిమీర వేసి ఆమె వండితే వీధంతా వాసన. పిల్లల్ని సాకింది దాంతోనే. "ఈ నల్ల తాగే గదరా మీ నాయన బతికింది, అది పాపమెట్టా అయిద్ది?" అని పెద్దల్ని అడిగింది. జవాబు రాలేదు. మానేసింది. పొలుసు లేనివని ఎండు రొయ్యలూ పోయినయ్. వాటికోసం ఇంకా బాధపడింది.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో ఎస్సీ అంటే హిందువే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవులు లేరు, యూదులు లేరు. అందుకని నాయనమ్మ కాగితంలో హిందూ మాదిగ, చర్చి పుస్తకంలో బాప్టిస్టు, ఇంట్లో యూదు. మూడు మతాల్లోనూ ఆసామి పిలిచే పిలుపు ఒకటే.

ఇజ్రాయెల్ పోవడానికే ఈ వేషమని ఊళ్లో అనేవాళ్లు. ఒకసారి పరదేశం నుంచి ఎవరో చూడ్డానికొచ్చి, అక్కడికి పంపిస్తే పోతావా మామ్మా అని తెలిసినాయన చేత అడిగించారు. నాయనమ్మ కాసేపు ఆలోచించింది.

"ఆడ గోంగూర దొరుకుద్దంటనా?"